పాత కంప్యూటర్లకు స్పీడు మందులు – ‘ఫ్రీ’ అంటే ఏమిటి?

మన హాస్టల్ చదువు గదిలో ఉన్న కంప్యూటర్లన్నీ మనకంటే ముందు ఇంకెక్కడో ఉద్యోగం చేసి వచ్చినవే. మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో ఒక కంపెనీ నాలుగైదేళ్ళు వాడుకుని, ఇక తమ పనికి చాలవని పక్కన పెట్టినవి. సొంతంగా లాప్‌టాప్ కొనుక్కున్న మిత్రుల సంగతీ అంతే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, నాలుగు షాపులు తిరిగి, బేరమాడి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ సరుకే ఎక్కువ. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒకరు వద్దనుకున్న వస్తువును బాగుచేసుకుని పదేళ్ళు వాడుకోవడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన విద్యే.

అయితే పాత కంప్యూటర్ నెమ్మదిస్తుంది. నెమ్మదించగానే మనకు తెలిసిన వైద్యం ఒకటే. ఎవరో ఒక తమ్ముడు పెన్‌డ్రైవ్ తెస్తాడు. అందులో ‘క్లీనర్’, ‘బూస్టర్’, ‘ఆప్టిమైజర్’, ‘ట్యూనప్’ అంటూ పది పన్నెండు సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. పక్కనే ‘క్రాక్’ అని ఒక ఫోల్డరు. అందులో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు – ముందు యాంటీవైరస్ ఆపేయండి, ఆ తర్వాత దీన్ని నడపండి అని. ఇంటికొచ్చిన మనిషి ముందు కుక్కను కట్టేయండి, తర్వాత బీరువా చూపించండి అంటే ఏమంటాం? ఇక్కడ మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తాం!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్లలో ముప్పాతిక మనకు అక్కర్లేదు. అక్కరకొచ్చే కొద్ది వాటిని ఎంచుకునేటప్పుడు కూడా అది ఎంత స్పీడు పెంచుతుంది అన్నది రెండో ప్రశ్న కావాలి. దాని లైసెన్సు ఏమిటి అన్నదే మొదటి ప్రశ్న. ఈ మాట వినగానే ‘మనకెందుకన్నా లైసెన్సుల గోల, కంపెనీ వాళ్ళు చూసుకుంటారు’ అనే మిత్రులు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ళ కోసమే.

మొదట, కంప్యూటర్ ఎందుకు నెమ్మదిస్తుందో చూద్దాం. మన హాస్టల్ భాషలోనే చెప్పుకుందాం. హార్డ్‌డిస్క్ అంటే స్టోర్ రూము. ర్యామ్ అంటే వంటగదిలో బల్ల. ప్రాసెసర్ అంటే వంట మాస్టారు. బల్ల చిన్నదైతే కూరగాయలు తరిగే చోటు ఉండదు, ప్రతి దానికీ స్టోర్ రూముకి పరిగెత్తాలి. పాత హార్డ్‌డిస్క్ అంటే తలుపు బిగుసుకుపోయిన స్టోర్ రూము. మాస్టారు ఎంత చురుకైనవాడైనా తలుపు తెరుచుకునేదాకా నిలబడాల్సిందే. దీనికి తోడు కంప్యూటర్ ఆన్ చేయగానే మనం పిలవకుండానే లేచి కూర్చునే ప్రోగ్రాములు ఉంటాయి – చాటింగువి, అప్‌డేట్లు వెతికేవి, ప్రింటరువి. అవన్నీ బల్ల మీదే కూర్చుంటాయి.

ఇప్పుడు ‘ర్యామ్ బూస్టర్’ ఏం చేస్తుంది? బల్ల మీదున్న గిన్నెలన్నీ బలవంతంగా స్టోర్ రూములో పెట్టేసి, ‘చూశారా, బల్ల ఎంత ఖాళీ అయ్యిందో’ అని ఒక పచ్చ గీత చూపిస్తుంది. మరుక్షణం మాస్టారు ఆ గిన్నెల కోసమే మళ్ళీ స్టోర్ రూముకి వెళ్ళాలి. అంటే పని పెరిగిందే కానీ తగ్గలేదు. ‘రిజిస్ట్రీ క్లీనర్’ మరో తమాషా. రిజిస్ట్రీ అంటే విండోస్ రాసుకునే స్టాక్ రిజిస్టర్. అందులో పనికిరాని పద్దులు కొన్ని వందలు ఉన్నా వంట ఆలస్యం కాదు. వాటిని కొట్టేసే తొందరలో పనికొచ్చే పద్దు ఒకటి కొట్టేస్తే మాత్రం ఆ పూట వంటే ఆగిపోతుంది. ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించడం లేదని విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్టే రాసిపెట్టింది.

మరి స్కాన్ చేయగానే ‘1,284 లోపాలు దొరికాయి’ అని ఎర్ర అక్షరాల్లో వస్తుందే, అదంతా అబద్ధమా? కొన్నిసార్లు పచ్చి అబద్ధం. అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ, సపోర్ట్ డాట్ కామ్ అనే సంస్థ కలిసి కస్టమర్ల కంప్యూటర్లకు ఉచిత పరీక్ష అని చేసేవి. పరీక్షకు ముందు నాలుగు ప్రశ్నలు – కంప్యూటర్ నెమ్మదించిందా, తరచూ ఆగిపోతోందా, ఇలాంటివి. వాటిలో ఏ ఒక్కదానికి టిక్కు పెట్టినా సరే, లోపల ఏమున్నా లేకపోయినా, వైరస్ లక్షణాలు ఉన్నాయనే ఫలితం వచ్చేది. ఆ తర్వాత బాగుచేయడానికి డబ్బులు. ఈ వ్యవహారం మీద 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, ఆ రెండు సంస్థలు కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు ‘రిపేరు’ సాఫ్ట్‌వేర్ల కంపెనీలు ఇలాంటి ఆరోపణల మీదే 2.6 కోట్ల డాలర్లు కట్టాయి. జాతర్లలో నాడి పట్టుకోకుండానే రోగం చెప్పే మందుల వాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకూ వీళ్ళకూ తేడా ఇంగ్లీషు ఒక్కటే.

ఇదేదో ఊరూ పేరూ లేని సాఫ్ట్‌వేర్ల సంగతి, మేం మంచి పేరున్నవే వాడతాం అంటారా? సీక్లీనర్ కంటే పేరున్నది ఏముంది? లండన్‌లోని పిరిఫామ్ కంపెనీ చేసిన ఆ సాఫ్ట్‌వేర్ మన హైదరాబాద్‌లో ఇంటర్నెట్ సెంటర్ల నుండి అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ల్యాబ్‌ల దాకా లేని చోటు లేదు. 2017 జూలైలో దాన్ని అవాస్ట్ కంపెనీ కొనుక్కుంది. ఆ ఆగస్టు 15న విడుదలైన 5.33 వెర్షన్‌లో దొంగలు తమ ప్రోగ్రామును దాచిపెట్టారు. అది క్రాక్ కాపీలో కాదు, కంపెనీ సొంత సంతకంతో, సొంత సైటు నుండి వచ్చిన అసలు కాపీలో! దాదాపు నెల రోజులు ఎవరూ గుర్తించలేదు. సుమారు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలోకి చేరింది. అది కంప్యూటర్ పేరు, అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ల జాబితా, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా దొంగలకు పంపింది. అసలు గురి పెద్ద టెక్నాలజీ కంపెనీల మీద. మనం గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆ దొంగ కోడు దూరింది 32 బిట్ల ప్రోగ్రాములో. 32 బిట్ల విండోస్ ఎవరి దగ్గర ఉంటుంది? పాత కంప్యూటర్ల వాళ్ళ దగ్గర.

నమ్మకమైనదే అలా అయితే, ఎవరో తెలియని వాడు తాళం పగలగొట్టి, మూట కట్టి పంపిన దాని సంగతి ఏమనుకోవాలి?

మన విషయంలో ఇది మామూలు వైరస్ బెడద కాదు. ఆ చదువు గది కంప్యూటర్లలో ఏముంటాయో ఒక్కసారి ఆలోచించండి. స్కాలర్‌షిప్ ఫ్రెష్, రెన్యువల్ దరఖాస్తుల కోసం స్కాన్ చేసిన కుల ధ్రువీకరణ పత్రాలు, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు. ఈపాస్‌లో అప్‌లోడ్ చేసిన తర్వాత ఎవరైనా వాటిని డెస్క్‌టాప్ మీద నుండి తీసేస్తున్నారా? లేదు. మూడేళ్ళ క్రితం వెళ్ళిపోయిన సీనియర్ల కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. పెద్దింటి పిల్లవాడి కంప్యూటర్ నుండి దొంగ పట్టుకుపోయేది సినిమాలు, ఆటలు కావచ్చు. మన దగ్గర పట్టుకుపోయేది మన మెస్ బిల్లు కట్టే ఖాతా నంబరు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు, మనలో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన అన్నో, బాబాయో ఉన్నవాడికి ఒక ఫోను చేస్తే సలహా దొరుకుతుంది. మనకు అడగడానికి ఎవరూ లేరు. అందుకే తెర మీద ‘మీ కంప్యూటర్ ఇప్పుడు క్షేమం’ అని పచ్చ గుర్తు వేసేవాడే మనకు పెద్దమనిషి అవుతున్నాడు. ‘ఐ అగ్రీ’ మీద నొక్కడం అంటే చదవని కాగితం మీద వేలిముద్ర వేయడమే. మన తాతలు అప్పు పత్రాల మీద వేసినవి చాలవా?

కాబట్టి ఆ కాగితంలో ఏముంటుందో చూద్దాం. తికమక అంతా ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటతో వస్తుంది. ఇంగ్లీషులో ఆ మాటకు రెండు అర్థాలు. మన తెలుగులో అదృష్టవశాత్తూ రెండు వేర్వేరు మాటలున్నాయి – ఉచితం, స్వేచ్ఛ. ఫ్రీవేర్ అంటే ఉచితం మాత్రమే. డబ్బు తీసుకోడు, కానీ లోపల ఏముందో చూపించడు, ఎవరు ఎక్కడ వాడాలో షరతు పెడతాడు. సీక్లీనర్ ఉచిత కాపీ ఇంట్లో సొంత వాడకానికి మాత్రమే. మనకు హాస్టలే ఇల్లు కదా అని మీరు వాదించవచ్చు, వాదన బాగానే ఉంది! కానీ ఆ కంప్యూటర్ ప్రభుత్వ ఆస్తి, స్టాక్ రిజిస్టర్‌లో దానికో నంబరు ఉంది. సంస్థ కంప్యూటర్‌లో ఇంటి కాపీ పెడితే అది షరతు మీరినట్టే. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో నెగ్గి సైబరాబాద్‌లో చేరబోయే మిత్రులు ఈ తేడా గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో అక్కడి ఐటీ విభాగం వాళ్ళు తమ సీట్లో కూర్చునే చూడగలరు. ‘ఇంట్లో వాడకానికి’ అన్నదాన్ని అక్కడ పెట్టుకుని, ఉచితమే కదా సార్ అంటే ఒప్పుకోరు.

రెండో రకం ట్రయల్. ఇరవై రోజులో ముప్పై రోజులో వాడుకో, తర్వాత కొనుక్కో, లేదా తీసేయి. విన్‌రార్ నలభై రోజుల గడువు అయిపోయాక కూడా ఓపికగా అడుగుతూ తెరుచుకుంటుంది కాబట్టి అన్నీ అలాగే అనుకుంటాం. తెరుచుకోవడం వేరు, అనుమతి ఉండటం వేరు. సెవెన్‌జిప్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆ పనే చేస్తున్నప్పుడు ఈ మొహమాటం ఎందుకు?

ఇక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దీనికి జిపిఎల్ లాంటి లైసెన్సు ఉంటుంది. ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపలి కోడు చదవవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి కాపీ ఇవ్వవచ్చు. ఇల్లు, హాస్టల్, ఆఫీసు అన్న తేడా లేదు. బ్లీచ్‌బిట్ అనే క్లీనర్ 2008 నుండి ఈ పద్ధతిలో దొరుకుతోంది. పనికిరాని ఫైళ్ళు తీసేయడానికి అది చాలు. (దాన్ని కూడా అన్ని టిక్కులూ పెట్టి నడపకండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు కూడా ఊడ్చేస్తుంది.)

వీటికి మధ్యలో ఉండేవి కొన్ని. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు తయారుచేసిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లను 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. అందులో ఆటోరన్స్ అనేది ఉంది. కంప్యూటర్‌తో పాటు ఏయే ప్రోగ్రాములు లేస్తున్నాయో పూర్తిగా చూపిస్తుంది. నా దృష్టిలో పాత కంప్యూటర్‌కు అంతకంటే ఉపయోగపడే ఉచిత పనిముట్టు ఇంకోటి లేదు. దాని లైసెన్సు ప్రకారం మన కంప్యూటర్లలోనూ, మనం సంరక్షించే కంప్యూటర్లలోనూ ఎన్నింటిలోనైనా పెట్టుకోవచ్చు. కానీ ఇతరులకు పంచిపెట్టకూడదు. పత్రికతో పాటు సీడీలో ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు కూడా వాళ్ళు కుదరదనే చెప్పారు. కంప్యూటర్ పత్రికలతో సీడీలు వచ్చిన రోజుల్లోని ప్రశ్న అది. ‘డిజిట్’ సీడీ కోసం గదిలో వంతులేసుకున్న సీనియర్లు ఈ సంచిక చదువుతుంటే నవ్వుకుంటారు.

ఇప్పుడు క్రాక్ సంగతి. మన దేశ కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 63బి అనే సెక్షను 1994 సవరణతో వచ్చింది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, యాభై వేలకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసమో, వ్యాపారంలోనో వాడకపోతే కోర్టు తగిన కారణాలు చూపి జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. హాస్టల్ మీదికి పోలీసులు వస్తారని నేను భయపెట్టడం లేదు, అలా ఎవరూ రారు. నా బాధ వేరు. ఏదైనా జరిగితే, పక్క కాలేజీ పిల్లవాడు చేస్తే ‘తెలివైన కుర్రాడు, ఏదో హ్యాక్ చేశాడు’ అంటారు. మనవాడు చేస్తే ఏమంటారో మీకు వేరే చెప్పాలా? ఆ మాట అనే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది. దాన్ని తప్పించుకుని పోవడం న్యాయం కాదు. ‘సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించినప్పటి నుండి ఈ ఊళ్ళో ఐటీ ఉద్యోగం సంపాదించిన పేద పిల్లల్లో దొంగ సీడీ వాడనివాడు ఎవడు? మైత్రీవనం చుట్టుపక్కల ఆ సీడీలు లేకపోతే మన సీనియర్లు అసలు చదువుకునేవాళ్ళా? లక్షల కోట్ల కంపెనీకి మన రెండు వేలు లెక్కా?’ అని. ఆ సీనియర్లను నేను ఒక్క మాట కూడా అనను. వాళ్ళకు వేరే దారి చూపించినవాళ్ళు లేరు.

కానీ ఆ దొంగ కాపీ కంపెనీ మీద తిరుగుబాటు అనుకుంటే మాత్రం పొరపాటు. అదే 1998లో, మైక్రోసాఫ్ట్ మన హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టిన ఏడాదే, బిల్ గేట్స్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల ముందు చైనా గురించి ఒక మాట అన్నాడు. ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించడం మాకు మంచిది, దానికి అలవాటు పడతారు, డబ్బు ఎలా వసూలు చేయాలో తర్వాత చూసుకుంటాం అని దాని సారాంశం. ఇంతకంటే నిజాయితీగా ఎవరు చెబుతారు? దొంగ కాపీ వాడేవాడు తిరుగుబాటుదారుడు కాదు, ముందుగానే బుక్ అయిన కస్టమర్. ఒక్క సాఫ్ట్‌వేర్‌కే అలవాటు పడి, అది లేకపోతే చేతులు కట్టేసినట్టు ఉండటం చదువు ఎలా అవుతుంది?

దారి చూపించేవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళోనే ఉన్నారు. గచ్చిబౌలిలో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు కలిసి నడుపుతున్నారు. డెబియన్ ఆధారంగా తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టం చేశారు, చిన్నపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ చేశారు. బెంగళూరులో ఒక బస్తీలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని పెట్టారు. అక్కడి పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల మీదే కంప్యూటర్ నేర్చుకుని గింప్‌తో బొమ్మలు వేశారు. పేరే చూడండి, ఎవరి పేరు పెట్టుకున్నారో! కేరళలో అయితే ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద ప్రభుత్వ బడులన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకు మారాయి. అది ప్రభుత్వం తలచుకుంటే అయ్యే పని, మన చేతుల్లో లేదు. చదువు గది మాత్రం మన చేతుల్లో ఉంది.

ఇక్కడ తొందర కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్పు, నాలుగు జీబీల ర్యామ్, ఆ కంపెనీ ఒప్పుకున్న ప్రాసెసర్ ఉండాలి. మన మెషిన్లలో ఎక్కువ భాగం అందులో నెగ్గవు. అప్పుడే ‘లైట్ విండోస్’ అనే కొత్త మందు పెన్‌డ్రైవ్‌లో ప్రత్యక్షమైంది. ఎవరో విండోస్‌ను కోసి, డిఫెండర్ తీసేసి, అప్‌డేట్లు ఆపేసి, ‘పాత కంప్యూటర్ల కోసం’ అని పంచిపెడుతున్నారు. అలా మార్చి పంచే హక్కు విండోస్ లైసెన్సు ఎవరికీ ఇవ్వలేదు. అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందో 2017 మేలో చూశాం. రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన మరమ్మతు పెట్టుకోని కంప్యూటర్ల మీద వాన్నాక్రై పడింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లే తాళాలు పడి కూర్చున్నాయి. పోలీసులకే అలా అయితే మన వార్డెన్ గారి హాజరు పట్టిక ఎంత?

లినక్స్ అంటే సర్వరోగ నివారిణి అని కూడా నేను చెప్పను. రెండు జీబీల ర్యామ్ ఉన్న మెషిన్ మీద లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ నడుస్తుంది, నాలుగు ఉంటే హాయిగా నడుస్తుంది. కానీ 32 బిట్ల పాత మెషిన్లకు దారులు మూసుకుంటున్నాయి. డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్‌తో వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది. కొన్ని కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్ తప్పనిసరి. మరో చిక్కు ఈ సంచికతోనే ఉంది. మన పాత వార్షికోత్సవ సంచికల ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని తెరవాలంటే విండోస్ ఉన్న మెషిన్ ఒకటి ఉంచుకోవాల్సిందే. కొత్త సంచికలకైనా యూనికోడ్‌కు మారితే మంచిది. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరుకుతున్నాయి, డిటిపి సెంటర్ వాళ్ళను బతిమాలే పని ఉండదు.

ఇక అన్నలకు, అక్కలకు ఒక మాట. మీలో చాలామంది ఇప్పుడు మైండ్‌స్పేస్‌లో, నానక్‌రామ్‌గూడలో మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. మీ కంపెనీలు పాత కంప్యూటర్లు తీసేసేటప్పుడు హాస్టల్ గుర్తుకు రావడం మా అదృష్టం. అయితే కంప్యూటర్‌తో పాటు దాని కాగితం కూడా పంపండి. తయారీదారు వేసి పంపిన ఓఈఎం విండోస్ లైసెన్సు ఆ మెషిన్‌తోనే ఉంటుంది. పాతవాటికి పెట్టె మీద స్టిక్కరు ఉంటుంది, 2012లో విండోస్ 8 వచ్చాక చాలావాటికి కీ మదర్‌బోర్డులోనే దాగి ఉంటుంది. మీ కంపెనీ మొత్తానికి తీసుకున్న వాల్యూమ్ లైసెన్సు మాత్రం మాకు రాదు. డిస్కు తుడిచి ఇచ్చేటప్పుడు ఏది ఏదో ఒక్క ముక్క రాసిస్తే, ఇక్కడ క్రాక్ వెతుక్కునే అవసరమే ఉండదు. ఇంకో సంగతి. 2022 నాటి ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు తమ ఈ-చెత్తను రిజిస్టరైన రీఫర్బిషర్లకు, రీసైక్లర్లకు, ఉత్పత్తిదారులకే ఇవ్వాలి. కాబట్టి ఇది చెత్త కాదు, పనిచేస్తున్న కంప్యూటర్ అని మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఉంటే హాస్టల్‌కూ, మీకూ మంచిది.

ఇంకా చేయి పెద్దది చేసుకోదలచిన వాళ్ళు స్పీడు సాఫ్ట్‌వేర్ల చందా కట్టకండి. ఎస్‌ఎస్‌డిలు ఇప్పించండి. తలుపు బిగుసుకుపోయిన స్టోర్ రూముకు కొత్త తలుపు అదే. ఒక ఎస్‌ఎస్‌డి, ఒక ర్యామ్ ముక్క, ఫ్యాను మీద పేరుకున్న దుమ్ము దులపడానికి ఒక బ్రష్షు – ఈ మూడూ చేసినంత పని ఏ బూస్టరూ చేయదు. వీటికి ‘ఐ అగ్రీ’ నొక్కాల్సిన పని కూడా లేదు.

హాస్టల్ కమిటీ ముందు నేను పెడుతున్న ప్రతిపాదన చిన్నది. చదువు గది మెషిన్లలో బూస్టర్లు, క్రాకులు, లైట్ విండోస్ ఉండకూడదు. విండోస్‌లోనే ఉన్న డిస్క్ క్లీనప్, టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ పేజీ, అవి చాలకపోతే ఆటోరన్స్, బ్లీచ్‌బిట్ – ఇంతే. ఇంకేదైనా కావాలన్నవాళ్ళు దాని లైసెన్సు ఏమిటో గోడ మీది నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసి పెట్టాలి. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో రాశారంటే చదివినట్టే. విండోస్ 11కు నెగ్గని మెషిన్లకు లినక్స్ ఎక్కిద్దాం. లైసెన్సు ఉన్న విండోస్ మెషిన్లు రెండు ఆన్‌లైన్ పరీక్షలకు, ఒకటి నెట్ తీసేసి పాత సంచికల ఫైళ్ళకు ఉంచుదాం. స్కాన్ చేసిన కాగితాలను అప్‌లోడ్ కాగానే ఎవరివి వాళ్ళు తీసేయాలి. సీనియర్లవి ఇప్పటికే ఉన్నవాటిని వార్డెన్ గారి సమక్షంలో ఒక రోజు కూర్చుని ఖాళీ చేయాలి.

వార్డెన్ గారి అనుమతి దొరికితే సంక్రాంతి సెలవుల తర్వాత కిటికీ పక్కనున్న రెండు మెషిన్లతో మొదలుపెట్టవచ్చు. ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్ళం నలుగురం ఆదివారాలు కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. ప్రింటరు, స్కానరు తగిలించి ఉన్న మెషిన్‌ను మాత్రం ఎవరూ ఇప్పుడే కదిలించవద్దు. స్కాలర్‌షిప్ రెన్యువల్ దరఖాస్తులు పూర్తయ్యేదాకా అది ఉన్నచోటే ఉండాలి.